రెండో ప్రశ్న అడగడం: తెలుగు ఎం.ఏ. నుంచి విలేకరి ఉద్యోగం దాకా

విలేకరి కావాలంటే ఏం చెయ్యాలని అడిగే తెలుగు విద్యార్థులకి నేను ముందుగా చెప్పే పని ఒకటుంది. కన్యాశుల్కం తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చదవమంటాను. నాటకం మీకు పాఠంగా వచ్చే ఉంటుంది. గిరీశం మాటలు నాలుగైనా నోటికి వచ్చి ఉంటాయి. పీఠిక మాత్రం చాలామంది దాటేస్తారు. ఎం.ఏ. చదివిన రెండేళ్లూ నేనూ దాటేశాను.

1897లో అచ్చయిన ఆ పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజావారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో జాబితాకెక్కినవి 1034. ఏడాదికి సగటున 344. వాటిలో అయిదేళ్ల పిల్లల పెళ్లిళ్లు 99, నాలుగేళ్ల వాళ్లవి 44, మూడేళ్ల వాళ్లవి 36, రెండేళ్ల వాళ్లవి 6, ఏడాది పసికందులవి 3. గురజాడ అక్కడితో ఆగడు. ఈ జాబితా సంపూర్ణం కాదనీ, సొమ్ము తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం సహజంగానే వెనకాడతారనీ చెప్తాడు. లెక్క ఎవరు కట్టారు, ఎంతవరకు నమ్మొచ్చు, ఎందుకు తక్కువ చూపిస్తోంది? ఈరోజుకీ వార్తలు దిద్దే మంచి సబ్ ఎడిటర్ విలేకరిని నిలదీసేది ఈ మూడింటి మీదే. ఆ లెక్కని పీఠికలో పెట్టి, డబ్బుకి ముసలివాడికి కట్టబెట్టబోయిన చిన్నపిల్ల సుబ్బిని నాటకంలో పెట్టాడాయన. ఆయన ఉన్న ఇల్లు విజయనగరంలో ఇప్పటికీ ఉంది. ఒకసారి వెళ్లి చూడండి.

నాది శ్రీకాకుళం జిల్లా పొందూరు మండలంలో ఒక చిన్న ఊరు. డిగ్రీ శ్రీకాకుళంలో, ఎం.ఏ. తెలుగు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 2004లో చదువు ముగించి ఇంటికొచ్చాను. మా నాన్నకి నన్ను టీచరుగా చూసుకోవాలని ఉండేది. డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేక మా మండలానికి ఒక పత్రిక కంట్రిబ్యూటర్‌గా, అంటే అచ్చయిన వార్తల లెక్కన డబ్బిచ్చే విలేకరిగా చేరాను. రెండేళ్లు అది చేశాక ఏడాది హైదరాబాదులో శిక్షణ, తర్వాత వార్తలు దిద్ది పేజీలు తయారుచేసే జిల్లా డెస్కులో ఆరేళ్లు సబ్ ఎడిటర్ ఉద్యోగం, 2013 నుంచి రిపోర్టింగు. "తెలుగు సదివి ఏటి సేత్తావే గుంటా" అని మా ఊళ్లో అడగని మనిషి లేడు. అప్పట్లో నాకు జవాబు తెలీదు. ఇప్పుడు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

సాహిత్యం చదివినవాళ్లు భాష బాగా రాస్తారు కాబట్టి పత్రికలకి పనికొస్తారని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది కాదు. భాష డెస్కులో కూర్చుంటే ఆరు నెలల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. కథలూ నవలలూ ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివినవాళ్లకి ఇంకో గుణం వస్తుంది. ఒక సంగతి చెప్పగానే వాళ్లకి "దాని ముందు ఏం జరిగింది?" అని మనసులో మెదులుతుంది. దాన్ని నేను రెండో ప్రశ్న అంటాను. మొదటి ప్రశ్న ఏం జరిగిందని. అది అందరూ అడుగుతారు.

యజ్ఞం కథతో ఒక సాధన

కాళీపట్నం రామారావు మాస్టారి యజ్ఞం తీసుకోండి. సిలబస్ కోసం చదివి ఉంటే మళ్లీ చదవండి. అయ్యాక పుస్తకం మూసేసి, ఆ కథ చివర జరిగినదాన్ని రేపటి జిల్లా పేజీకి వార్తగా రాయండి. నాలుగైదు వాక్యాలు చాలు. నేను మొదటిసారి రాస్తే ఇలా వచ్చింది: "సుందరపాలెంలో ఒక వ్యక్తి కన్నకొడుకుని చంపాడు. పాత అప్పు విషయమై పంచాయతీ జరుగుతుండగా ఈ దారుణానికి ఒడిగట్టాడు. పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు."

వార్తగా చూస్తే ఇందులో తప్పేమీ లేదు. ఇలాంటివి రోజూ వేస్తాం. కానీ కథ చదివిన మీకు ఆ మూడు వాక్యాలూ ఎంత చాలవో తెలుసు. ఆ అప్పు ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎన్నేళ్లలో ఎంతయింది, ఊరు బాగుపడుతోందని అందరూ అంటున్నప్పుడు ఎవరి భూమి ఎవరి చేతికి పోయింది, పంచాయతీలో ధర్మం చెప్పే అధికారం ఆ పెద్దమనిషికి ఎక్కణ్ణుంచి వచ్చింది. ఇవన్నీ వార్తలో లేవు. ఇప్పుడు ఆ వార్త కిందనే, అందులో లేనివన్నీ ప్రశ్నలుగా రాయండి. నాకు పదకొండు వచ్చాయి. మర్నాడు పొద్దున్నే విలేకరి ఆ ఊరెళ్లి అడగాల్సినవి సరిగ్గా ఆ పదకొండే. పత్రికాఫీసులో దీన్నే ఫాలో-అప్ అంటారు.

చాసో (చాగంటి సోమయాజులు) కథలతో కూడా ఈ సాధన చెయ్యండి. ఆయన కథలు చిన్నవి, కాబట్టి ఒక పూటలో రెండు చెయ్యొచ్చు. ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది. కోర్టు వార్తలు రాయాలనుకునేవాళ్లు రావిశాస్త్రిని వదలొద్దు. ఆయన స్వయంగా వకీలు. సాక్షి బోనులో నిలబడ్డ మనిషి ఏ మాట దగ్గర తడబడతాడో ఆయన రాసినంత నిక్కచ్చిగా ఇంకెవరూ రాయలేదని నా నమ్మకం.

ఈ అలవాటు నాకు ఎక్కడ అక్కరకొచ్చిందో ఒక సంగతి చెప్తాను. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర వాళ్లని అప్పగించారు. ఆ ఏడాది పైచిలుకూ పత్రికల్లో నడిచింది ఒకటే మాట: ఎప్పుడు వదులుతారు? అది అడగాల్సిందే. ఇంట్లో ఆడవాళ్లకి అంతకన్నా ముఖ్యమైనది లేదు. ఎచ్చెర్ల మండలంలో ఒక తీరగ్రామంలో నేను ఒక ముసలామె పక్కన కూర్చుని ఇంకోటి అడిగాను. ఇంటి ముందే సముద్రం ఉంటే అంత దూరం ఎందుకెళ్లారమ్మా అని. ఆవిడ లోపలికెళ్లి ఒక పాత నోటుపుస్తకం తెచ్చింది. బోటు యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు, పెళ్లి ఖర్చు, వల ఖరీదు, అన్నీ మనవడి చేతిరాతలో ఉన్నాయి. మన జిల్లాకి దాదాపు 190 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోటు నిలిపే వసతి లేక, తెప్పల మీద వెళ్లగలిగినంత దూరంలో చేప తగ్గి, ఊళ్లకి ఊళ్లు ఆగస్టు రాగానే రైలెక్కుతాయి. ఆ నోటుపుస్తకం మీద రాసిన వార్తే నా పేరుతో వచ్చినవాటిలో నేను దాచుకున్న మొదటిది.

కథానిలయం

శ్రీకాకుళంలో ఉండి, తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయానికి వెళ్లని తెలుగు విద్యార్థులు నాకు తారసపడుతుంటారు. నాకు చాలా బాధనిపిస్తుంది. విశాఖ ఎ కాలనీలో ఉంది. 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు మాస్టారు మొదలుపెట్టారు. తెలుగు కథలన్నీ ఒకచోటికి చేర్చాలన్నది ఆయన పట్టుదల. కథా సంపుటాలతోపాటు పాత వార, మాస పత్రికలు అక్కడ ఉన్నాయి. జర్నలిజం వైపు రావాలనుకునేవాళ్లు కథలు వెతకడంతో సరిపెట్టకుండా ఆ పాత పత్రికల్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగెయ్యండి. అప్పటి ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, బియ్యం ధర, సంపాదకీయం చూడండి. కథ ఏ వార్తల మధ్య అచ్చయిందో గమనించండి. ఒక్కో సంచిక నుంచి పది వాక్యాలు చొప్పున ఎత్తిరాసుకోండి. మూడు నెలలు అలా చేస్తే వాక్యం ఎలా పొట్టిదవుతూ వచ్చిందో మీ చేతికే తెలుస్తుంది.

చెవిని పనిలో పెట్టడం

మనం వార్తలు రాస్తున్న ఈ భాష మన జిల్లావాడు పోరాడి తెచ్చినది. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. గ్రాంథికమే రాయాలన్న పండితులతో జీవితమంతా వాదించారు. ఆ వాదన కోసమే 1919లో 'తెలుగు' అని మాసపత్రిక నడిపారు. విద్యార్థులు ఇంతవరకు చదువుతారు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఆయన సవరల భాష నేర్చుకోవడం. పర్లాకిమిడిలో పనిచేస్తూ, అప్పటికి లిపి లేని ఆ భాషని మాట్లాడేవాళ్ల నోట విని, రాసుకుని, నిఘంటువూ వ్యాకరణమూ తయారు చేశారు. అంత ఓర్పుగా వినడం విలేకరికి కావాలి.

మా నానమ్మ పొందూరు పత్తి వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చూశాను. ఆ ఎముక పళ్లు దువ్వెనలా సన్నగా ఉంటాయి. దూదిలోని చెత్తనంతా పట్టేస్తాయి. కంట్రిబ్యూటర్‌గా నేను రాసిన మొదటి ఫీచర్ వడికే ఆడవాళ్ల మీద. అందులో "చిలప" అని రాస్తే డెస్కువాళ్లు "నూలు చుట్ట" అని మార్చి వేశారు. పొందూరులో ఆ పేపరు చదివిన ఒక పెద్దావిడ "నూలు సుట్టేటమ్మా, సిలప అనాల" అని నన్నే దిద్దింది. తప్పు డెస్కుదే అయినా నా పేరు మీదే వచ్చింది కదా. ఆ తర్వాత ఏ పనివాళ్ల గురించి రాసినా, వాళ్ల మాట పక్కన దాని అర్థం తెలిసేలా ఇంకో చిన్న వాక్యం రాసి పంపిస్తూ వచ్చాను. అలా రాస్తే మార్చాల్సిన అవసరం డెస్కుకి రాదు. మీరూ ఒక నోటుపుస్తకం పెట్టండి. బుడితి ఇత్తడి పనివాళ్లు, పలాస జీడిపప్పు పిక్కలు కొట్టే ఆడవాళ్లు, గొల్లపల్లిలో పనసకర్రతో బొబ్బిలి వీణ చేసేవాళ్లు, ఎవరి దగ్గరికెళ్లినా ఆ పనిలో వాళ్లు వాడే పది మాటలు రాసుకోండి. విశ్వవిద్యాలయంలో మాండలిక పదాల మీద మీరు రాసే ప్రాజెక్టు ఇదే పని. దాన్ని పారేయకండి.

యాస విషయంలో ఒక జాగ్రత్త. చాలా పత్రికల్లో కూలివాడు మాట్లాడితే యాసలో వేస్తారు, అధికారి మాట్లాడితే చక్కని తెలుగులో వేస్తారు. ఆ అధికారి కూడా మన పక్క ఊరివాడే, ఇంట్లో "ఎలగ, అలగ" అనేవాడే. ఒకరిని అలా, ఇంకొకరిని ఇలా చూపించడం అన్యాయం. నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే మాటని ఉంచుతాను, ఉచ్చారణని అందరికీ ఒకేలా రాస్తాను. మనిషి అన్న మాటే ముఖ్యమైన సందర్భంలో, ఆమె ఏ మాటతో ఏడ్చిందో అదే వినిపించాల్సినప్పుడు, యాసతోనే వేస్తాను. పైన పెద్దావిడ మాట అలాంటిదే.

మానుకోవాల్సినవి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరం దాటింది. మధ్యాహ్నానికి నేను కొబ్బరితోటల ఉద్దానం ప్రాంతానికి చేరాను. కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డుకి అడ్డంగా చెట్లు. ఒక జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని మొదటి వాక్యం రాశాను: "ప్రకృతి విలయతాండవానికి పచ్చని ఉద్దానం శ్మశానమై విలపిస్తోంది." రాత్రి ఎలాగో పంపించాను. బ్యూరో ఇన్‌చార్జి వెనక్కి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వక్కడ ఏం చూశావు?" అన్నారు. చూసినది చెప్పాను. కంచిలి మండలంలో ఒక రైతు తన తోటలో పడిపోయిన కొబ్బరిచెట్లని లెక్కపెడుతున్నాడు. సున్నంతో మొదలు మీద అంకె వేస్తున్నాడు. అరవై రెండు దాకా వేసి కూర్చుండిపోయాడు. "అదే రాయి" అన్నారాయన. మర్నాడు అదే వచ్చింది, "అరవై రెండో చెట్టు దగ్గర" అనే శీర్షికతో.

సాహిత్య విద్యార్థులకి అందరికన్నా కష్టమైన మలుపు ఇదే. కవిత్వం మీద వ్యాసాలు రాసీ రాసీ విశేషణాల మీద చెయ్యి సాగి ఉంటుంది. విలపించడం, కన్నీటి సంద్రం, మిన్నంటిన రోదనలు, ఇవి ఎన్నోసార్లు వాడి అరిగిపోయినవి. మీరు చూసినది ఉంటే వాటి అవసరం రాదు. చూడలేదు కాబట్టే అవి వస్తాయి. రాసినది పంపేముందు విశేషణాలన్నీ కొట్టేసి ఒకసారి చదవండి. ఏదైనా పోయినట్టు అనిపిస్తే ఒక్కటి తిరిగి పెట్టండి.

ఉద్దానంలో రెండో ప్రశ్న కూడా అక్కడే ఎదురైంది. పరిహారం చెట్టు లెక్కన ఇస్తామన్నారు. చెట్టు ఎవరిది? పట్టాదారు పాసుపుస్తకంలో పేరున్నవాడిదా, పదేళ్లుగా నీళ్లు పెట్టిన కౌలుదారుదా? నాటు కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది, అన్నాళ్లూ ఆ ఇల్లు దేనిమీద బతుకుతుంది? ఆ వారంలో నేను రాసిన వార్తల్లో ఎక్కువ భాగం ఈ రెంటి మీదే.

పేర్లు

ఇది చిన్న విభాగం, కానీ నా మనసు మీద ఇప్పటికీ ఉన్న బరువు. కంట్రిబ్యూటర్‌గా చేరిన ఏడాదిలోనే ఒక రోడ్డు ప్రమాదం వార్తలో, చనిపోయిన మనిషి పేరు బదులు బతికున్న తమ్ముడి పేరు రాశాను. అన్న పేరు అప్పలస్వామి, తమ్ముడి పేరు అప్పలనాయుడు. మన జిల్లాల్లో ఒక్కో ఇంట్లో ముగ్గురు అప్పల పేర్లు ఉంటాయి. పొద్దున్నే ఆ తమ్ముడి భార్య పుట్టింటివాళ్లు వేరే ఊరి నుంచి ఏడుస్తూ వచ్చేశారు. నేను వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పాను, మర్నాడు సవరణ వేయించాను. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఈ నాలుగూ ఇద్దరి దగ్గర సరిచూసుకోకుండా చావు వార్త పంపకండి. అత్యాచార బాధితుల పేరు గానీ, వాళ్లని గుర్తుపట్టేలా ఊరు, బంధువుల వివరాలు గానీ రాయడం చట్టరీత్యా నేరం. నేరంలో ఇరుక్కున్న మైనర్ల విషయంలోనూ అంతే. ఆత్మహత్య వార్తలో ఎలా చనిపోయారో వివరించకండి.

పనిలో చేరే దారులు

డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టడం మేలు. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారింది గానీ జనం అనే మాట గ్రీవెన్సే. అర్జీ పట్టుకుని కొండ ఊళ్ల నుంచి, తీరం నుంచి వచ్చినవాళ్లు వరండాలో కూర్చుని ఉంటారు. బయట అర్జీలు రాసిచ్చేవాళ్లుంటారు. ఒక అర్జీ చదివితే ఒక కుటుంబం ఇరవై ఏళ్ల చరిత్ర అందులో ఉంటుంది. ఎం.ఏ. మొత్తంలో చదివిన ఏ ఆత్మకథా నాకు ఆ కాగితాలంత నేర్పలేదు.

తర్వాత మీ మండలంలో ఎవరు ఏ పత్రికకి రాస్తున్నారో కనుక్కోండి. కంట్రిబ్యూటర్ స్థానం ఖాళీ అయితే జిల్లా కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తుతో పాటు మీరు రాసిన మూడు వార్తలు, ఒక ఫీచర్ జతచెయ్యండి. కవితలు జతచెయ్యకండి. చేరాక రోజూ తిరగాల్సినవి నాలుగు చోట్లు: పోలీస్ స్టేషను, తహసీల్దారు కార్యాలయం, ఎంపీడీవో కార్యాలయం, ప్రభుత్వాసుపత్రి. అయిదోది సంత. దాన్ని ఎవరూ చెప్పరు, కానీ ధరలూ వలసలూ పెళ్లి సంబంధాలూ అక్కడే తెలుస్తాయి.

డబ్బు విషయం దాచను. మండల కంట్రిబ్యూటర్‌కి వచ్చేదాంతో ఇల్లు గడవదు. అచ్చయిన వార్తల కొలతని బట్టి ఇస్తారు. 2004లో నాకు నెలకి తొమ్మిది వందలు దాటిన నెల లేదు, పెట్రోలుకే సగం పోయేది. దానికి తోడు, నేను పనిచేసిన ఒకచోట పండగలకి ప్రకటనలు తెమ్మని టార్గెట్లు పెట్టేవారు. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ల దగ్గరికే ప్రకటన కోసం వెళ్లాల్సి రావడం నాకు సహించలేని అవమానంగా ఉండేది. నేను ఆ పని చెయ్యనని చెప్పాను, కొన్నాళ్లు నా వార్తలు ఆగాయి. అందుకని నా సలహా: కంట్రిబ్యూటర్ పనిని రెండేళ్ల చదువుగా చూడండి, ట్యూషనో ఇంకోటో పక్కన ఉంచుకోండి, ఆలోపు డెస్కుకో శిక్షణకో ప్రయత్నించండి.

శిక్షణకి రెండు దారులు. ఒకటి విశ్వవిద్యాలయం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ ఉంది. ఏ డిగ్రీ చదివినవాళ్లైనా పీజీసెట్ ప్రవేశపరీక్ష రాసి చేరవచ్చు. రెండోది పెద్ద పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లు. ప్రకటన పడినప్పుడు పరీక్ష రాయాలి. శిక్షణలో భృతి ఇస్తారు, తర్వాత కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని ఒప్పందం రాయించుకుంటారు. ఆ కాగితం సంతకం పెట్టేముందు ఇంటికి తెచ్చుకుని చదవండి. నేను రాసిన పరీక్షలో ఇంగ్లీషు పేరా తెలుగు చెయ్యడం, ఒక వ్యాసం, వర్తమాన విషయాలు, చెల్లాచెదురుగా ఇచ్చిన వివరాలతో వార్త అల్లడం ఉన్నాయి.

తెలుగు మీడియం పిల్లలు భయపడేది ఆ ఇంగ్లీషు పేరాకే. నేనూ భయపడ్డాను. వార్తా ఏజెన్సీలు పంపేవి ఇంగ్లీషులోనే వస్తాయి కాబట్టి డెస్కులో అది రోజువారీ పని, తప్పించుకోలేం. రోజుకొక పేరా చాలు. హిందూ పేపరు విశాఖ ఎడిషన్లో ఒక వార్త తీసుకోండి, చదివి మూసెయ్యండి, మీ అమ్మకి చెప్తున్నట్టు పైకి చెప్పండి, అప్పుడు రాయండి. చూస్తూ రాస్తే ఇంగ్లీషు వాక్యం తెలుగులోకి దొర్లుకొచ్చేస్తుంది. "చేయబడింది" అని ఒక్కటి కనిపించినా మళ్లీ రాయండి. వ్యాకరణం చదివిన మీకు ఇది మిగతావాళ్లకన్నా త్వరగా వస్తుంది.

టైపింగు నేర్చుకుని వెళ్లండి. చాలా డెస్కుల్లో 'అను' అనే ఫాంట్లు అలవాటు, ఆన్‌లైన్ పనికి యూనికోడ్ కావాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వేళ్లకి వస్తే రెండోది సులువు. ఇవి కాక ఆకాశవాణికి జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లు ఉంటారు. వీడియో చానెళ్ల గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు, కానీ వాటికీ స్క్రిప్టు రాసే మనిషి కావాలి.

ఆడపిల్లలు అడిగేది రాత్రి డ్యూటీ గురించి. జిల్లా డెస్కు పని మధ్యాహ్నం మొదలై పేజీలు వెళ్లేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఇంటికి దింపే బండి ఉందా, ఆఫీసులో ఇంకెందరు ఆడవాళ్లున్నారు, ఫిర్యాదు చేస్తే వినే కమిటీ ఉందా అని ఇంటర్వ్యూలోనే అడగండి. అడిగితే ఉద్యోగం రాదేమోనని నేను అడగలేదు. ఆరు నెలలు మా తమ్ముడు రాత్రిపూట సైకిలు మీద వచ్చి నన్ను తీసుకెళ్లేవాడు.

కాగితాలు చదవడం

వ్యాఖ్యానాలు, తాత్పర్యాలు చదివిన మనకి ప్రభుత్వ ఉత్తర్వులు చదవడం కష్టం కాకూడదు. అక్కడా ఒక మాటకి రెండర్థాలుంటాయి, ఏ అర్థంతో డబ్బు ఆగిపోయిందో పట్టుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం కాలేజీలోనే నేర్చుకోండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల కార్యాలయంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు. "మా ఊరి సమస్యలు తెలపండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా ఊరి రక్షిత మంచినీటి పథకానికి ఫలానా రెండేళ్లలో మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం, బిల్లుల నకళ్లు" అని రాయాలి.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు గురించి రాయాలనుకునే కొత్తవాళ్లకి ఇది మరీ అవసరం. పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ప్రారంభం వార్త అందరూ రాశారు. ఇవాళ ఎన్ని ఊళ్లలో ఆ కుళాయి రోజూ వస్తోంది, ఆసుపత్రిలో ఎన్ని డాక్టరు పోస్టులు నిండాయి, డయాలసిస్‌కి వారానికి రెండుసార్లో మూడుసార్లో వచ్చే మనిషికి తోడొచ్చేవాళ్ల కూలి ఎంత పోతోంది, ఇవి వెళ్లి అడగాలి. జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకు కచ్చితంగా తేలలేదు. నీళ్లనీ పురుగుమందులనీ మీకు తోచినది రాసెయ్యకండి.

ఈ వచ్చే సోమవారం తొమ్మిదిన్నరకల్లా కలెక్టరేట్ వరండాలో ఉండండి. నోటుపుస్తకం, రెండు పెన్నులు, నీళ్ల సీసా చాలు. ఎవరో ఒకరి పక్కన కూర్చుని, మీరు విద్యార్థి అని చెప్పి, అర్జీ చదవొచ్చా అని అడగండి. వద్దంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. ఒప్పుకుంటే చదివి, అందులో లేనిది ఒకటి అడగండి. సాయంత్రం నూట యాభై మాటల్లో రాసి, ఆ మనిషికి ఫోన్ చేసి చదివి వినిపించండి. తప్పులు వాళ్లే చెప్తారు. దిద్దుకున్నాక తేదీ వేసి దాచండి. ఆపై సోమవారం మళ్లీ వెళ్లినప్పుడు, ఆ అర్జీ ఏమైందో కనుక్కోండి.